బొంత కడుపు

ఛీ, ఎంత ఉతికినా వదలదే ఈ కంపు! బొంతను బండకేసి కొట్టినప్పుడల్లా లోపలినుంచి ఏళ్ళనాటి మురికి బుడబుడమంటూ పైకొచ్చి మలప్రభ ఏటి నీళ్ళలో డికాషన్ రంగున పారుతోంది, ఆ నీళ్ళే ఫకీరవ్వ పిక్కలను నాకుతూ పోతున్నాయి. చంటిపిల్లల ఉచ్చ, కక్కిన పాలు, జ్వరాల చెమట, అత్త ముక్కుపొడుం, ఆముదం, అన్నీ ఊరి ఊరి ఒకే వాసనగా ముదిరిపోయాయి. కొంగు ముక్కుకు చుట్టుకుంటే కొంగుకూ అదే పట్టింది. పెద్దల అమావాస్య వచ్చిందంటే ఊళ్ళో ఆడవాళ్ళంతా పక్కబట్టలు మోసుకొచ్చి ఏటి ఒడ్డున పడతారు, ఎవరింట్లో ఎంత మురికి పేరుకుందో ఆ ఒక్కపూటలో ఊరందరికీ తెలిసిపోతుంది, ఒకరి బొంత ఒకరు ఓరకంట చూసుకుని మూతులు ముడుచుకుంటారు, తమది మాత్రం మల్లెపూలు కట్టిన గుడ్డ అయినట్టు. ఈసారి ఫకీరవ్వ తొందరంతా మనవడి కోసం. కూతురు రేణవ్వ పురిటికొచ్చి ఇది మూడో నెల. సాయంత్రం పెద్దలకు ఆకులు వేసి, ఆ ఆకుల ఎదుట ఈ బొంత పరిచి, దానిమీద చంటివాణ్ణి పడుకోబెట్టాలి. దిగొచ్చిన పెద్దలు వాణ్ణి కళ్ళారా చూసుకుని పోతారు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతిబిడ్డనీ అలాగే చూపించారు. అంటే ఎండ వాలేలోగా ఈ దరిద్రం ఎండాలి.

వస్తుంటే అత్త బాళవ్వ గడప దగ్గరే చెప్పింది, జాగ్రత్తగా ఉతకవే, మా వంశమంతా అందులోనే ఉంది అని. ఉంది మరి, ఎక్కడికి పోతుంది. ముసలిదానికి చూపు మసకేసి అయిదారేళ్ళయింది, అయినా బొంత ఒళ్ళో వేసుకుని వేళ్ళతో తడిమి ఏ అతుకు ఎవరిదో చెప్పేస్తుంది. ఇదిగో ఈ గరుకుది మీ తాత రుమాలు, ఎడ్ల పందెంలో గెలిచిన రోజు తలకు చుట్టుకున్నది. ఇది నా పెళ్ళి పసుపు చీర. ఇది మా ఆడబిడ్డ రవిక, సాక్షాత్తూ గౌరమ్మలా ఉండేది. వినేవాళ్ళు ఆహా అంటారు. ఆ తాత, అంటే ఫకీరవ్వ మామ, పందెం గెలిచాడో లేదో ఎవరికి తెలుసు, ఫకీరవ్వ కాపురానికొచ్చాక ఆయన రోజూ సారా తాగొచ్చి ఆ రుమాల్లోనే కక్కుకుంటుంటే కడిగింది మాత్రం ఫకీరవ్వే. గౌరమ్మలాంటి ఆడబిడ్డ పండక్కి పుట్టింటికొచ్చి ఎండు మిరపకాయలు రవికలో దాచుకుపోయేది. ఆ అతుకు మీద ముఖం పెట్టి పడుకుంటే ఇప్పటికీ తుమ్ములొస్తాయని ఫకీరవ్వకు అనుమానం. మొత్తం బొంతలో ఆమెకు అసహ్యం లేని గుడ్డ ఒక్కటే ఉంది, మూలన అరచేయంత నీలం ముక్క. ఏడాది నిండకుండానే పోయిన నడిపివాడి టోపీ అది. ఉతికేటప్పుడు ఆ మూలను మాత్రం బండకేసి కొట్టదు, చేత్తో పిసుకుతుంది. దాని కథ అత్త ఎప్పుడూ చెప్పదు, చిన్నపిల్లల చావులు కథలకు పనికిరావంటుంది.

చెప్పిన జాగ్రత్తల్లో ఒకటి మాత్రం కొత్తది కాదు, ఇరవై నాలుగేళ్ళుగా వింటున్నదే. బొంత కడుపు కొయ్యకూడదు. చిరిగితే పైన అతుకు వెయ్యి, అది చిరిగితే దానిమీద ఇంకోటి వెయ్యి, అంతేగాని కుట్టు విప్పి లోపల చూడకూడదు, ఇంటికి అరిష్టం. వేరే ఇళ్ళలో పాతబడితే విప్పి, లోపలి గుడ్డలు మార్చి మళ్ళీ కుట్టుకుంటారు, ఈ ఇంట్లో మాత్రం అతుకు మీద అతుకు పడి బొంత చూలుగేదెలా తయారైంది, తడిస్తే ఇద్దరు మోయలేరు. సరే, ముసలివాళ్ళ చాదస్తం అనుకుంది ఇన్నాళ్ళూ. ఇందాక నాలుగు దెబ్బలు ఎక్కువ పడ్డాయో ఏమో, సరిగ్గా నడిమధ్యన, కుట్టడం ముగించే చోట, జానెడు మేర కుట్టు పుటుక్కున తెగింది. అరిష్టం సంగతి తర్వాత, ఇప్పుడు దీన్ని ఎవరు కుడతారని విసుక్కుంటూ లోపలికి వేళ్ళు పెడితే మెత్తగా, జారుడుగా తగిలింది. ఉచ్చలో నానిన చింకిపాత తగలాల్సిన చోట నేత చీర తగిలింది. లాగి చూస్తే ఆకుపచ్చ. ఏళ్ళ తరబడి వెలుగు సోకనిది, పైన అతుకులన్నీ వెలిసిపోయినా అది మాత్రం పాతబడని ఆకుపచ్చ.

ఎందుకో తనకే తెలియలేదు గాని, బొంతను ఎలాగో ఈడ్చి ఎండలో ఉన్న పెద్ద బండ మీద పరిచి, తెగిన చోటు మీద తనే కూర్చుంది. ఎండేదాకా కాపలా కూర్చున్నట్టు. తడి ఒంటికి ఎక్కుతోంది, కింద ఆకుపచ్చ ఉందన్న ఆలోచన అంతకంటే చల్లగా ఎక్కుతోంది. నలుగురూ నాలుగు బండల మీద దబాదబా బాదుతున్నారు. ఇంటిపక్క పారవ్వ తన దుప్పట్లు ఆరేసి తడి చేతులు దులుపుకుంటూ ఇటే వచ్చింది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏమే ఫకీరవ్వా, అప్పుడే చతికిలబడ్డావు? నీళ్ళు పిండనేలేదే! పట్టు ఆ కొస, ఇద్దరం మెలేద్దాం."

"వద్దక్కా. పాతదై చచ్చింది, మెలేస్తే తెగుతుంది."

"మీ అత్త చేతి కుట్టు తెగుతుందా? ఆ కుట్టు చూడు, చీమలబారే. ఒక్కతే కుట్టింది తెలుసా? ఊళ్ళో ఎవరు బొంత కుట్టినా పదిమంది చుట్టూ కూర్చుని తలా ఒక వరస లాగుతాం. మీ అత్త మాత్రం ఆ వానాకాలమంతా తలుపేసుకుని ఒక్కతే. మొదటి కోడలు లేచిపోయిన బాధలో ఉంది కదా, సాయం చేద్దామని వెళ్తే గుమ్మంలోంచే పంపేసింది. మాకు టీ పొయ్యాల్సి వస్తుందని భయపడిందని నవ్వుకున్నాం." పారవ్వ ఇప్పుడూ నవ్వింది. "కానీ నువ్వు అదృష్టవంతురాలివే. అడుగు పెట్టగానే అంత బొంత నీ చేతిలో పెట్టింది."

అదృష్టం! నిజమే, కాపురానికొచ్చిన రోజే చేతిలో పెట్టింది. కొత్తబొంత, లోపల జొన్నరొట్టె తుంచి పెట్టి కుట్టాను, బొంత కడుపు నిండితే కప్పుకున్నవాళ్ళ కడుపు నిండుతుంది అంది. ఆ మాట విని తను అత్త కాళ్ళకు మొక్కింది. పారవ్వ ఇంకా ఏదో అంటూ, ఎవరి పరుపులోనో నల్లులు కనపడ్డాయట, ఆ వేడుక చూడ్డానికి అటు పోయింది. ఫకీరవ్వ పక్కకు ఒరిగి, వేళ్ళతో, ఆ తర్వాత పళ్ళతో, ఇంకో రెండు వరసలు కుట్టు తెంపింది. నోట్లో ఆముదం రుచి. థూ. చీర మడతల మధ్య గట్టిగా ఏదో తగిలింది, గోటితో గీకి తీస్తే నల్లటి రాయిలాంటి ముక్క. రొట్టె. అత్త పెట్టిన రొట్టె తునక. దాన్ని అరచేతిలో పెట్టుకోలేక, విసిరెయ్యలేక, బండ అంచున పెట్టింది. దాని కింద మడతలో ఎర్ర పట్టు కొంగు, కొంగుకు తెల్ల గోపురాల అంచు, అంచుకు పైన ఆకుపచ్చ మీద రంగుదారాలతో అల్లిన కసూతి కుట్టు. ఏనుగులు, బారుగా. అన్నీ ఎడమకు నడుస్తున్నాయి, ఒక్కటి కుడికి తిరిగి ఉంది.

ఆ ఏనుగు గురించి ఆమెకు తెలుసు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెలుసు. ఏటి అవతల ఊరి దురగవ్వ ప్రతి ఏడాదీ ఎల్లమ్మ జాతరలో మెట్ల పక్కన నిలబడి వచ్చేపోయే వాళ్ళ చేతులు పట్టుకుని అడుగుతుంది, లారీలవాళ్ళను, గాజులవాళ్ళను, ఎవరు ఎటువైపు నుంచొస్తే వాళ్ళను. మా తుంగవ్వను చూశారా నాయనా, ఆకుపచ్చ ఇలకల్ చీర కట్టుకుంది, నేనే కుట్టాను ఏనుగుల వరస, ఒకటి తప్పుగా వెనక్కి తిరిగింది, విప్పుతానంటే నా బిడ్డ విప్పనివ్వలేదు, అది నీ దగ్గరకొచ్చే ఏనుగు, మిగిలినవన్నీ అత్తింటికి పోతాయి, అదొక్కటే పుట్టింటికొస్తుంది అంది. చెప్పి నవ్వుతుంది, మళ్ళీ అడుగుతుంది. జనం పిచ్చిదంటారు, చేతిలో చిల్లర పెట్టి తప్పించుకుంటారు. ఒకసారి ఇంటికే వచ్చింది, ఏటి బురదతో, తలంతా చిక్కులు కట్టి. అత్త గుమ్మంలోనే అడ్డం నిలబడి, నీ కూతురు జాతరలో మా పరువు తీసి లారీవాడితో పోయింది, ఆకుపచ్చ చీర కట్టుకుని పెళ్ళికూతురులా ఎక్కిందట, చూసినవాళ్ళే చెప్పారు, మళ్ళీ మా గడప తొక్కావంటే చీపురు తిరగేస్తా అని అరిచింది. ఎవరు చూశారో ఆ చూసినవాళ్ళ పేరు ఎప్పుడూ బయటికి రాలేదు. అయినా ఊరంతా అదే పాట పాడింది, పెళ్ళిచూపుల నాడు ఫకీరవ్వ పుట్టింటివాళ్ళు కూడా అదే విని తల ఊపారు, మొదటిది మంచిది కాదు కాబోలు, పోతే పోయింది, పిల్లవాడికి పొలం ఉంది అని. ఆకుపచ్చ చీర కట్టుకుని వెళ్ళిపోయిన మనిషి. ఆకుపచ్చ చీర ఇక్కడుంది.

ఇక్కడే ఉంది. తన కిందే ఉంది. ఇరవై నాలుగేళ్ళుగా తన కిందో తన పైనో ఉంది. దీనిమీదే శోభనం, దీనిమీదే మూడు కాన్పుల తర్వాత పథ్యం తిని పడుకోవడం, దీనిమీదే రేణవ్వ బోర్లాపడింది, నీలం టోపీవాడు దీనిమీదే కళ్ళు తేలేశాడు. ఒళ్ళంతా ఏదో పాకినట్టయి ఫకీరవ్వ రెండు చేతులూ చీరకు రుద్దుకుంది, మోచేతులు రుద్దుకుంది, మెడ రుద్దుకుంది. ఏ సబ్బు పెట్టి కడుక్కోవాలి దీన్ని? అత్త బుద్ధి ఆమెకు ఇప్పుడు అద్దంలా కనిపిస్తోంది, అదే ఎక్కువ రోతగా ఉంది. లేచిపోయిందని చెప్పాలంటే మంచి చీర కట్టుకుపోయిందని చెప్పాలి, నూలు పాతలో ఎవరు లేచిపోతారు. చెప్పాక ఆ చీర పెట్టెలో ఉండకూడదు. పొయ్యిలో పెట్టాలి, లేదా ఏట్లో వదలాలి. బాళవ్వకు చేతులు రాలేదు. అగ్గిపుల్లను నిలువునా చీల్చి రెండుసార్లు గీసే మనిషి, వత్తికి చాలని పీలికను కూడా మూటకట్టి అటకెక్కించే మనిషి, పట్టు కొంగున్న చీర కాల్చడమే! మనిషిని ఏం చేశారో చేశారు, ఏ గోతిలో పెట్టారో పెట్టారు, దానికి చేతులు వచ్చాయి. చీర దగ్గరికొచ్చేసరికి మాత్రం అయ్యో దండగ అనిపించింది. అందుకే తలుపేసుకుని, చీర పాడవకుండా నీటుగా మడతపెట్టి, చుట్టూ చింకిపాతలు పేర్చి, చీమలబారు కుట్టు కుట్టి, చివర్లో నోటికి రొట్టెముక్క పెట్టి మూసేసింది. తిండి పెట్టి మరీ. ఫకీరవ్వ బండ అంచుకు వంగి కక్కేసింది. పొద్దున తాగిన టీ తప్ప ఏమీ రాలేదు.

నోరు కడుక్కుంటుంటే మొగుడు గుర్తొచ్చాడు. యమనప్ప ఏనాడూ ఈ బొంత కప్పుకోలేదు. మాఘమాసపు చలిలో, పళ్ళు టకటకమంటున్నా, గొంగడి ఒకటి కప్పుకుని పశువుల కొట్టంలోకి పోయి పడుకునేవాడు. పిలిస్తే, నీ బొంత నాకు ఉబ్బరం అనేవాడు. కొత్తల్లో ఆ మాటకు ఆమె కుళ్ళి కుళ్ళి ఏడ్చింది, తన ఒంటి వాసన మొగుడికి గిట్టదేమోనని. సున్నిపిండి పెట్టుకుంది, అరగదీసిన గంధం పెట్టుకుంది, తల్లికి చెప్పుకుంటే ఆమె కూతురి చంక వాసన చూసి ఏం లేదే అంది. ఎంత సిగ్గుపడిందో ఆ వయసులో! ఆ సిగ్గంతా ఎందుకు దండగైందో ఇప్పుడు తెలిసింది. వాడికి తెలుసు. లోపలేముందో తెలుసు గనక వాడు కప్పుకోలేదు. తెలిసి పెళ్ళాన్ని కప్పుకోనిచ్చాడు, కన్నబిడ్డలను దానిమీద పొర్లనిచ్చాడు, నీలం టోపీవాడు దానిమీద పోతుంటే కొట్టం గుమ్మంలో నిలబడి చూశాడు. థూ, ఏం మనిషి, ఏం పుటక! అన్నం తినే నోటితో వాడు సాయంత్రం పెద్దల పేర్లు చదువుతాడు.

చెమటకు మెడ దగ్గర బిళ్ళ అంటుకుంటే చేత్తో సర్దుకోబోయి ఫకీరవ్వ చెయ్యి అక్కడే ఆగిపోయింది. నల్లతాడుకు వెండిబిళ్ళ, మీద ఒక ఆడమనిషి బొమ్మ, కళ్ళూ ముక్కూ సరిగా లేనిది. పెళ్ళి పందిట్లో తాళి పడ్డాక అత్త లోపలి గదికి తీసుకెళ్ళి తన చేత్తో కట్టింది. ఎల్లమ్మ మొక్కు బిళ్ళ, నలుగురి కళ్ళూ పడకూడదు, రవిక లోపల పెట్టుకో, చచ్చేదాకా తియ్యకు అంది. సరే అంది తను. ఇన్నేళ్ళూ నోములకూ నొప్పులకూ దాన్నే కళ్ళకద్దుకుంది. తన మేనత్త మెడలో అచ్చం ఇలాంటిదే ఉండేది కదా. మేనత్తను రెండో పెళ్ళివాడికిచ్చారు, చచ్చిపోయిన మొదటి పెళ్ళాం పట్టి పీడించకుండా ఆమె బొమ్మ మెడలో కట్టారు, సవతి బిళ్ళ. పండగనాడు మేనత్త ముందు ఆ బిళ్ళకు బొట్టు పెట్టి, ఆ తర్వాతే తను పెట్టుకునేది. సవతి బిళ్ళ చచ్చిన సవతికే కడతారు. లేచిపోయినదానికి ఎవరూ కట్టరు, బతికున్నదానికి కడితే అపచారం. అంటే ముసలిది ఊరికొక కథ చెప్పి, దయ్యానికి మాత్రం నిజం చెప్పింది. దయ్యం తన కొడుకు జోలికి రాకుండా, ఇదిగో దీన్ని తిను అని ఫకీరవ్వ మెడ చూపించింది. ఎంత తెలివి! ఊళ్ళోవాళ్ళకు భయపడలేదు, పోలీసులకు భయపడలేదు, దురగవ్వ కన్నీళ్ళకు భయపడలేదు, దయ్యానికి భయపడింది.

ఎండ నడినెత్తి దాటింది. బొంత పైపొర ఆరి గరగరలాడుతోంది. కొంగు ముడిలో సూది ఉంది, దారం ఉంది, అతుకులు వేద్దామని పొద్దున తనే తెచ్చుకుంది. కుట్టేస్తే? జానెడు కుట్టు. ఎవరూ చూడలేదు. పెదవి దాటితే పృథివి దాటుతుంది, నోరు మూసుకుంటే ఇల్లు దాటదు. రేణవ్వ అత్తింటివాళ్ళకు తెలిస్తే దాని బతుకేంగాను, హంతకుల ఇంటి పిల్ల అంటారు. ముసలిది ఇవాళో రేపో పోతుంది. తుంగవ్వ ఎలాగూ రాదు. దురగవ్వకైనా ఏం మేలు చేసినట్టు, ఆ పిచ్చిదానికి కూతురు ఎక్కడో లారీవాడితో పిల్లాపాపలతో సుఖంగా ఉందన్న ఆశ ఒక్కటే మిగిలింది, అదీ లాక్కోవడమా. సూదికి దారం కూడా ఎక్కించింది. ఫకీరవ్వకు అన్నిటికంటే అసహ్యం అప్పుడు వేసింది, తన వేళ్ళను చూసి. వణకడం లేదు. చక్కగా, నేర్పుగా, అత్త నేర్పినట్టే దారం కొస తడిచేసి, కన్ను చికిలించి, మొదటిసారికే ఎక్కించాయి.

"అమ్మా! ఎండిందా?" గట్టు మీదనుంచి రేణవ్వ గొంతు. భుజం మీద బిడ్డ, కాళ్ళకు పిండి అంటుకుని ఉంది. "అవ్వ నా ప్రాణం తోడేస్తోంది. బొంతేదే, బొంతేదే అని. పూర్ణం హోళిగలు అయిపోయాయి, ఆకులు కడిగాను, నాన్న స్నానం చేసి కూర్చున్నాడు. అబ్బ, చెయ్యి లాగుతోందమ్మా, వీడు రాయిలా ఉన్నాడు." అంటూనే వంగి, బొంత ఎండిన మేర చూసి, బిడ్డను దానిమీద పడుకోబెట్టబోయింది.

"పెట్టకు!"

ఆ అరుపుకు పక్క బండ మీద బాదుడు ఆగింది. బిడ్డ ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. రేణవ్వ బిత్తరపోయి చూసింది.

"ఏంటమ్మా అంత కేక? పామా?"

"తడి. లోపల తడి ఆరలేదు." ఫకీరవ్వ గొంతు తనకే కొత్తగా వినిపించింది. "వాణ్ణి తీసుకుపో. నా చిలకపచ్చ పెట్టెలో పాత తెల్లచీర ఉంది, నాలుగు మడతలేసి దానిమీద పడుకోబెట్టు. ఇవాళే కాదు. ఎప్పుడూ దీనిమీద వద్దు."

"అవ్వ ఊరుకుంటుందా?"

"నేను చెప్పుకుంటా. నువ్వు పో తల్లీ."

కూతురు గొణుక్కుంటూ గట్టెక్కింది. వాడి చిన్న అరికాళ్ళు దాని భుజం మీదుగా ఊగుతూ పోయాయి, ఇంకా నేల తొక్కని అరికాళ్ళు. ఆ అరికాళ్ళ కింద, తను ఇన్నేళ్ళూ అతుకులేసి కుట్టుకొచ్చిన బొంత పరచబోయింది. ఫకీరవ్వ సూదిని ఏట్లోకి విసిరేసింది. తర్వాత ఆగలేదు. పళ్ళతో, గోళ్ళతో, ఒడ్డున దొరికిన గాజుముక్కతో కుట్టు వరసలు తెంచుకుంటూ పోయింది, బురదలోంచి పశువును లాగినట్టు చీర మొత్తం లాగింది. ఒళ్ళంతా సూదిపోట్ల కన్నాలు, ఎండకు పట్టి చూస్తే జల్లెడలా ఉంది. దాన్ని ఒక్కదాన్నే పారేనీటిలో జాడించింది, మెల్లగా, బండకు కొట్టకుండా, నీలం ముక్కను పిసికినట్టు పిసికింది. ఆ నీలం ముక్కనూ గాజుతో కోసి రొంటిన దోపుకుంది. రుమాలు, పసుపు చీర, గౌరమ్మ రవిక, మిగిలిన వంశమంతా బండ మీదే నోరు తెరుచుకుని పడి ఉంది. పారవ్వ దూరంనుంచి, "బొంత మరిచిపోయావే!" అని కేకేసింది. ఉండనీ అక్కా, కుక్కలు పడుకుంటాయి అంది ఫకీరవ్వ, వెనక్కి తిరక్కుండానే. రేపు తెల్లారి ఏరు దాటాలి. దురగవ్వ ఆశ కోసం తను నిజం దాచి పెట్టే పని లేదు, ఆ ఏనుగు ఆమెది. కానీ ఇంట్లోవాళ్ళను ముందు అడగాలి.

పడమటింట్లో దీపం పెట్టారు. గోడవారగా ఆకులు బారుగా వేశారు, మామగారికి, ఆయన తల్లిదండ్రులకు, అత్త ఆడబిడ్డకు. ఒక్కో ఆకు పక్కన కొత్తగుడ్డ, ఆకులో హోళిగలు, పులుసు, అన్నం. రేణవ్వ బిడ్డను తెల్లచీర మీద పడుకోబెట్టి పక్కన కూర్చుంది. యమనప్ప విబూది పెట్టుకుని, చొక్కా లేకుండా, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఫకీరవ్వ చివర ఇంకో ఆకు వేసింది. హోళిగలు పెట్టింది. పక్కన ఆకుపచ్చ చీర, ఏనుగుల వరస పైకి కనపడేలా మడిచి పెట్టింది. మెడలో నల్లతాడు తెంపి బిళ్ళను చీరమీద పెట్టింది. యమనప్ప చూశాడు.

బాళవ్వ చెంబుతో పాకుతూ ఒక్కో ఆకు చుట్టూ నీళ్ళు తిప్పుకుంటూ, ఒక్కో పేరూ పలుకుతూ వచ్చింది. ఆడబిడ్డ ఆకు దాటి చెయ్యి చాపితే ఇంకో ఆకు తగిలింది. "ఇదెవరికే? ఒకటి ఎక్కువేశావు."

"ఎక్కువ కాదత్తా. ఇన్నేళ్ళూ ఒకటి తక్కువేశాం. ఇది తుంగవ్వది."

"మతి పోయిందా నీకు!" యమనప్ప అరిచాడు, కానీ అడుగు కదల్లేదు. "ఎక్కడో బతికున్నదానికి ఆకేస్తావా? అపచారం! తీసెయ్."

"తీసేస్తా. ఎంతసేపు. బతికుందని చెప్పు." ఫకీరవ్వ చంటివాడి వైపు చూపించింది. "అదిగో, వాడి తల మీద చెయ్యి పెట్టి, తుంగవ్వ బతికుందని ఒక్కమాట చెప్పు. ఇప్పుడే తీసేస్తా."

రేణవ్వ తండ్రి ముఖం చూసింది, తల్లి ముఖం చూసింది. ఏమీ అర్థం కాకపోయినా బిడ్డను ఎత్తి గుండెకు హత్తుకుంది. యమనప్ప తల్లివైపు చూశాడు. చిన్నపిల్లవాడు తప్పుచేసి చూసినట్టు చూశాడు. ముసలిదాని చెయ్యి అప్పటికే చీర మీద ఉంది. వేళ్ళు కొంగు మీదికి జరిగాయి, తెల్ల గోపురాలు దాటాయి, ఏనుగు మీదినుంచి ఏనుగు మీదికి నడిచాయి, వెనక్కి తిరిగినదాని దగ్గర ఆగాయి. చెంబులోంచి నీళ్ళు ఒలికి ఆమె చీర తడుపుతున్నా చూసుకోలేదు. ఈ ఇంట్లో నెయ్యి గిన్నె ఉట్టిలో ఉంటుంది, అత్త తప్ప ఎవరూ దించకూడదు, కోడళ్ళకు ఆమే చెంచాతో బొట్టు బొట్టుగా వేస్తుంది. దానిలా తయారవకే, ఆ తుంగవ్వ హోళిగ మీద నెయ్యి గరిటెతో పోసుకునేది, దాస్తే వెతికి మరీ పోసుకునేది, తిండిపోతు ముండ, అందుకే కాపురం నిలవలేదు అని వేలసార్లు అంది.

"ఫకీరవ్వా," అంది బాళవ్వ. గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు, వంటింట్లో పని పురమాయించేటప్పటి గొంతే. "ఉట్టి దించు. దాని ఆకులో నెయ్యి పొయ్యి. దానికి కొంచెం పోస్తే చాలదు."

ఫకీరవ్వ ఉట్టి దించి, గిన్నె రెండు చేతులతో పట్టుకుని హోళిగల మీద వంచింది. ఆకు నిండింది, అంచులు దాటి నేలమీదికి, అక్కడినుంచి యమనప్ప కాలివేళ్ళ మధ్యకు పాకింది. అతను కాలు తీసుకోలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమె పోస్తూనే ఉంది.